చిన్నమ్మ దిద్దిన ముఖం

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు నా కింది పెదవి పక్కన ఒక తెల్లటి చుక్క కనిపించింది. అన్నం మెతుకు అంటుకుందనుకుని అమ్మ కొంగుతో తుడిచింది. పోలేదు. కొంగు తడిపి మళ్లీ తుడిచింది. అప్పుడు అమ్మ ముఖం మారిపోవడం చూసి నాకేదో అయిందని తెలిసింది. అద్దంలో చూసుకున్నది ఆ తర్వాతే.

వరంగల్ బజార్లో మాది గాజుల దుకాణం. గాజులతో పాటు రిబ్బన్లు, బొట్టుబిళ్లలు, పౌడర్లు, ముఖం తెల్లబడే క్రీములు అన్నీ అమ్మేవాళ్లం. బడి నుంచి రాగానే నేను దుకాణంలో కూర్చునేదాన్ని. ఆడవాళ్లకు గాజులు ఎక్కించడం నాకు చాలా ఇష్టం. వాళ్ల చెయ్యి పట్టుకుని, వేళ్లు దగ్గరికి నొక్కి గాజు ఎక్కిస్తుంటే పళ్లు బిగబట్టేవాళ్లు, మణికట్టు మీదికి జారగానే నవ్వేవాళ్లు. ఆ తెలుపు ఎడమ కన్ను కిందికి కూడా వచ్చిన ఏడాది, పండుగ గిరాకీలో ఒకామె చెయ్యి చాపింది. నేను పట్టుకున్నాను. ఆమె నా ముఖం చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మీ అమ్మను ఎక్కియ్యమను," అంది. గట్టిగా కూడా అనలేదు.

అమ్మ వచ్చి ఆమె చేతికి గాజులు ఎక్కిస్తూ, నా వైపు చూడకుండానే, "లోపటికి పో బిడ్డా, పొయ్యి మీద అన్నం ఉన్నది, జర చూడు," అంది. పోయి చూశాను. పొయ్యి మీద ఏమీ లేదు. ఆ తర్వాత నేను దుకాణంలో కూర్చోలేదు. కూర్చోవద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ పిలవలేదు.

హనుమకొండ దవాఖానలో చర్మం డాక్టరు, ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదని, ప్రాణానికి ఏమీ కాదని చెప్పాడు. మందు వాడితే తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు అన్నాడు. ఆ చివరి మాట నాన్నకు నచ్చలేదు. మరిపెడ దిక్కు ఎవరో చెట్ల మందు ఇస్తారంటే బస్సులో అక్కడికి తీసుకుపోయాడు. ఆ పసరుకు చర్మం మండి బొబ్బలు లేచాయి కానీ రంగు రాలేదు. పులుపు మాన్పించారు. వంకాయ మాన్పించారు. ఇంట్లో దాన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు కాదు. "అది ఎట్లున్నది?" అని అడిగేవాళ్లు. "అది జర పెరిగినట్టున్నది," అని వాళ్లలో వాళ్లు అనుకునేవాళ్లు. బజారంతా అనే 'బొల్లి' అన్న మాట మా ఇంట్లో మాత్రం ఎవరి నోటా వినలేదు.

పది పాసయ్యాక ఇంటర్‌కు హనుమకొండ కాలేజీలో చేర్పించారు. అక్కడ మా చిన్నమ్మ ఉండేది, అమ్మకు స్వయానా చెల్లె. రోజూ ఆటోల్లో తిరగడం ఎందుకని నన్ను ఆమె దగ్గర ఉంచారు.

చిన్నమ్మ మంచి ఎత్తరి, బాగా నల్లన. ఆమెకు వచ్చిన సంబంధాలన్నీ రంగు దగ్గరే ఆగిపోయాయట. చివరికి ఆమే ఇక చూడొద్దని చెప్పి, హైదరాబాద్ పోయి బ్యూటీపార్లర్ పని నేర్చుకుని వచ్చి, హనుమకొండలో ఒక అద్దె ఇంట్లో ముందటి గదిలో పార్లర్ పెట్టుకుంది. వెనక గదిలో ఉండేది. "నల్లటామె అందర్ని తెల్లగ చేస్తాందట అని నవ్విన్రు బిడ్డా. నవ్వుకుంటనే వచ్చి కుర్చీల కూసున్నరు," అని తానే చెప్పి తానే నవ్వేది. తాను మాత్రం బొట్టు, కాటుక తప్ప ఏమీ పెట్టుకునేది కాదు. ఎందుకని అడిగితే, "నా రంగు సీస కంపెనోళ్లు ఇంక చెయ్యలేదే," అనేది.

కాలేజీ మొదటి రోజు పొద్దున నన్ను పార్లర్ కుర్చీలో కూర్చోబెట్టింది. కిటికీ తలుపు తెరిచి, నా గడ్డం పట్టుకుని ముఖం వెలుగు వైపు తిప్పింది. తిప్పి, చూస్తూ ఉండిపోయింది. మచ్చ వచ్చినప్పటి నుంచి అంతసేపు ఎవరూ నా ముఖం చూడలేదు. మా ఇంట్లో వాళ్లు మచ్చ దాకా చూసి చూపు తిప్పుకునేవాళ్లు. బయటివాళ్లు మచ్చ ఒక్కటే చూసేవాళ్లు. చిన్నమ్మ నుదురు నుంచి గడ్డం దాకా చూసింది.

"నీ కుడి కనుబొమ్మ మీ నాయినది. ఎడమది మా అమ్మది. ఒక్కతీరు ఉండయి. తెలుసానే నీకు?" అంది.

నాకు తెలియదు. ఏడుపొచ్చింది. "ఏడ్వకు, ఏడిస్తే రంగు పట్టది," అని కసిరి దూదితో కళ్లు ఒత్తింది.

సీసాల్లో దొరికే రంగు ఏదీ నా రంగు కాదు. చిన్నమ్మ తన ఎడమ చేతి వెనకవైపు రెండు మూడు చుక్కలు వేసుకుని, వేలితో కలిపి, నా చెంప పక్కన పెట్టి చూసి, చాలక ఇంకొంచెం కలిపేది. ముందు మచ్చ మీద, తర్వాత అంచు మీద. అంచు దగ్గర ఆమె ఊపిరి బిగబట్టేది. ఆమెతో పాటు నేనూ బిగబట్టేదాన్ని. ఆ పైన పౌడర్. "ఆఁ, ఇగ పో," అని భుజం తట్టేది. అద్దంలో మచ్చ ఉండేది కాదు.

ఆ రోజు మొదలు ప్రతి పొద్దునా అదే పని. మొదటి గిరాకీ రాకముందే అయిపోవాలి. పక్కన స్టూలు మీద ఆమె చాయ్ చల్లారిపోతూ ఉండేది. బయట కూరగాయల బండి ఆమె అరుపు, స్కూలు ఆటోల హారన్లు. చిన్నమ్మ వేళ్లు ఎండాకాలంలో కూడా చల్లగా ఉండేవి. ముందటి రోజు గిరాకీల ముచ్చట్లు చెప్పేది. అల్లుడి ముందు మీసాలు కనబడుతున్నాయని అప్పర్ లిప్స్ చేయించుకోవడానికి వచ్చిన ముసలమ్మ, మొగుడికి తెలియకుండా జుట్టు కత్తిరించుకుని, తెలిసిపోతుందని ఎప్పుడూ ముడి వేసుకునే తిరిగిన ఆమె. నవ్వితే రంగు పగులుతుందని నన్ను నవ్వనిచ్చేది కాదు. నవ్వకుండా ఉండటం నా వల్ల అయ్యేది కాదు.

త్రెడ్డింగ్ నేర్పింది, ఫేషియల్ నేర్పింది, పెండ్లిపిల్లలకు జడ వేయడం నేర్పింది. నా మచ్చ మాత్రం నన్ను దిద్దుకోనివ్వలేదు.

"నేను ఏసుకుంట చిన్నమ్మా, నీకు రోజు పనయితాంది."

"నువ్వు ఏసుకుంటే బస్సు పోతాంది అన్నట్టు ఏసుకుంటవ్. కూసో."

ఇంటర్ అయింది, డిగ్రీ అయింది, బీఈడీ అయింది. హనుమకొండలోనే ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరాను. అన్నేళ్లలో ఇంటి బయట ఎవరూ నా అసలు ముఖం చూడలేదు. కాలేజీ ఫంక్షన్లలో స్టేజీ ఎక్కి మాట్లాడాను. క్లాసులో గొంతెత్తి పాఠం చెప్పాను. నాకు ధైర్యం ఎక్కువని అందరూ అనేవాళ్లు. ఆ ధైర్యం సాయంత్రం నీళ్లతో కడిగితే పోయేదని వాళ్లకు తెలియదు. వాన పడితే ముందుగా చూరు కిందికి ఉరికేది నేనే. చెమట పడితే తుడుచుకునేదాన్ని కాదు, అద్దుకునేదాన్ని. పిల్లలను పిక్నిక్‌కు తీసుకుపోతే, వాళ్లు నీళ్లు చల్లుకుంటుంటే నేను దూరంగా బస్సు దగ్గర సంచులు చూసుకుంటూ నిలబడేదాన్ని.

ఉద్యోగంలో చేరిన ఏడాది వేసవి సెలవుల్లో పాలంపేటలో ఒక పెండ్లికి పెండ్లిపిల్లను తయారు చేయడానికి చిన్నమ్మతో పోయాను. పొలాల పక్కన ఇల్లు. పిల్ల చామనచాయ కన్నా కొంచెం నలుపు, కళ్లు చాలా పెద్దవి. మేము సామాను విప్పుతుండగానే పిల్లగాని మేనత్త లోపలికి వచ్చింది.

"పిల్ల జర రంగు తక్కువున్నది. మా చుట్టాలంత పట్నం నుంచి వస్తాన్లు. మంచిగ తెల్లగ కొట్టున్రి," అంది, గోడకు సున్నం కొట్టమన్నట్టు.

చిన్నమ్మ సరేనంది. ఎప్పుడూ అనేది అదే. పెండ్లివాళ్లు అడిగినట్టు చేసి పంపడమే ఆమె పద్ధతి. ఆమె చేతిలో పిల్ల తెల్లబడింది. అందరూ వచ్చి చూసి మెచ్చుకుని పోయారు. గదిలో మేం ముగ్గురమే మిగిలాక, పిల్ల అద్దంలో తనను తాను చూసుకుంటూ అడిగింది.

"అక్కా, రేపు పొద్దుగాల నేను మొఖం కడుక్కుంటే ఆయన ఏమంటడు?"

ఎగతాళి కాదు. భయపడి అడిగింది. చిన్నమ్మ దువ్వెన కింద పెట్టింది. నాతో, "దూది తే, నీళ్లు తే," అంది. వేసిందంతా తుడిచేసింది. మళ్లీ మొదటి నుంచి, తన చేతి వెనక రంగులు కలిపి, పిల్ల చెంప పక్కన పెట్టి చూసుకుంటూ, ఆ పిల్ల రంగులోనే ఆ పిల్లను దిద్దింది. పొద్దున పూట నా ముఖం దగ్గర ఎట్లా ఉండేదో అట్లనే ఉంది ఆమె.

మేనత్త మళ్లీ వచ్చి, "ఇదేంది, అసలేమన్న ఏసిన్రా?" అంది.

"ఏసిన. పిల్లది పిల్లకు ఏసిన," అంది చిన్నమ్మ, తల ఎత్తకుండా.

మేనత్త గొణుక్కుంటూ పోయింది. ఇక కళ్లకు ఐలైనర్ గీయాలి. చిన్నమ్మ బ్రష్ తీసి రెప్ప దాకా తెచ్చి ఆగింది. కొస వణుకుతోంది. చెయ్యి దించి, దులుపుకుని, మళ్లీ ఎత్తింది. మళ్లీ వణికింది. "నువ్వు గియ్యే. నాకు కండ్లద్దాలు మార్చాలె, మసక మసక కొడ్తాంది," అని బ్రష్ నాకిచ్చింది. నేను గీశాను. అప్పుడు నేను కూడా కండ్లద్దాలే అనుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో చిన్నమ్మ కిటికీ దగ్గర కూర్చుంది. ములుగు దాటాక, "ఇన్నేండ్లసంది ఎంతమందికి ఏసిననో. ఆ మాట ఎవ్వరు అడగలే," అంది. తర్వాత నా ముఖం వైపు చూసింది.

వణుకు కండ్లద్దాలతో పోయేది కాదని నరాల డాక్టరు చెప్పాడు. మందులతో కొంతకాలం అదుపులో ఉంటుంది, మెల్లగా పెరుగుతుంది అన్నాడు. "ఫికర్ చెయ్యకు బిడ్డా, చెయ్యే గద, నోరైతే పడిపోలే," అని నాకే ధైర్యం చెప్పింది. ఒకసారి త్రెడ్డింగ్ చేస్తుంటే దారం జారి ఒకామె కనుబొమ్మలో సగం పోయింది. ఆమె పాతికేళ్లుగా వస్తున్న గిరాకీ. ఒక్క మాట అనలేదు, మళ్లీ రాలేదు. ఆ రోజు నుంచి చిన్నమ్మ త్రెడ్డింగ్ మానేసింది. తర్వాత పెండ్లిళ్లు మానేసింది. చివరికి కుర్చీల మీద దుప్పట్లు కప్పింది. ఒక్క కుర్చీ మీద మాత్రం కప్పలేదు. అది నేను కూర్చునేది.

నా ముఖం ఒక్కటే మిగిలింది ఆమెకు. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని వేసేది. మునుపటి కన్నా రెండింతలు సేపు పట్టేది. నేను ఇంకా తొందరగా లేచి కూర్చునేదాన్ని. కొన్నాళ్లకు అంచులు తప్పడం మొదలైంది. రంగు మచ్చ దాటి చెంప మీదికి వచ్చేది, ఒక దిక్కు తెలుపు బయటపడేది. "ఎట్లున్నది?" అని అడిగేది. "మంచిగున్నది," అనేదాన్ని. బడికి పోయాక బాత్రూంలో సరిచేసుకోవచ్చు. నాకు ఆ పని వచ్చు. కానీ అద్దం ముందు నిలబడితే, ఆమె అంత కష్టపడి పెట్టిన గీతను తుడవడానికి నాకు చెయ్యి రాలేదు. ఆమె ఎట్లా వేస్తే అట్లనే రోజంతా తిరిగాను. పిల్లలు చూసేవాళ్లు. తోటి టీచర్లు చూసి చూడనట్టు ఉండేవాళ్లు.

ఒక రోజు మధ్యాహ్నం అన్నాల దగ్గర, కొత్తగా చేరిన ఒక టీచరు పాపం మంచి మనసుతోనే తన కర్చీఫ్ నా చేతికిచ్చింది. "మేడం, మీ చెంపకు ఏదో అంటుకుంది," అంది. నేను లేచి పంపు దగ్గరికి పోయాను. ఎండకు వేడెక్కిన నీళ్లు. దోసిలి పట్టి కడుక్కున్నాను. మళ్లీ కడుక్కున్నాను. కర్చీఫ్‌తో తుడుచుకుని వచ్చి నా డబ్బా ముందు కూర్చున్నాను. ఆ టీచరు నోరు తెరిచి నన్నే చూస్తోంది.

"అంటుకున్నది కాదు మేడం. నాకు బొల్లి ఉంది. చిన్నప్పటి నుంచి," అన్నాను.

నా నోటితో ఆ మాట అనడం అదే మొదలు. ఆమె, "అయ్యో, సారీ మేడం," అంది. పక్కనున్న తెలుగు సారు మామిడికాయ తొక్కు పచ్చడి నా వైపు జరిపాడు. వేసుకున్నాను. సాయంత్రం క్లాసులో ఒక పాప, "టీచర్, అది నొప్పి అయితదా?" అని అడిగింది. కాదన్నాను. పాఠం మొదలుపెట్టాను.

ఇంటికి వచ్చేసరికి చిన్నమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయి మళ్లీ కూర్చుంది.

"వాన పడ్డదా ఏంది?"

"లేదు. కడుక్కున్న."

"ఎవలన్న ఏమన్న అన్నరా?"

"అడిగిన్రు. చెప్పిన."

"ఏమని చెప్పినవ్?"

"బొల్లి అని."

చిన్నమ్మ రెండు చేతులూ కొంగులో దాచుకుంది. కొంగు వణుకుతూనే ఉంది. "నేను మంచిగ ఏస్తలేనా?" అంది, చాలా చిన్న గొంతుతో. నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె భుజం మీద తల పెట్టాను. ఆమెకు తెలిసిపోయింది. అన్ని రోజులు నేను ఎట్లా తిరిగానో కూడా తెలిసిపోయినట్టుంది. "పిచ్చిదానివే నువ్వు," అంది. మళ్లీ తనే, "రేపటిసంది నాకు పనిలేదన్నట్టు," అంది.

"ఎందుకు లేదు? రేపు గూడ కూసుంట," అన్నాను.

మర్నాడు కూర్చున్నాను. చిన్నమ్మ రంగులు తీయలేదు. చేతికి ఇంత కొబ్బరినూనె రాసుకుని, వణికే వేళ్లతోనే నా ముఖమంతా నిమిరింది. ఆ రోజు నుంచి రోజూ అదే. ఆ వణుకు నా చెంపల మీద నాకు తెలిసేది. ఊపిరి బిగబట్టే పని లేదు కనుక ముచ్చట్లు ఎక్కువయ్యాయి. నేను ఎంత నవ్వినా ఏమీ అనేది కాదు. ఆ తర్వాత నేను ఉత్త ముఖంతో బడికి పోయేదాన్ని. మొదట్లో బస్సులో జనం చూస్తే కిటికీ వైపు తిరిగేదాన్ని. ఒక పూట మర్చిపోయి తిరగలేదు. అట్లా మెల్లమెల్లగా అలవాటైంది. వరంగల్‌లో ఇంటికి పోతే అమ్మ గడపలోనే, "ఇట్లనే వచ్చినవా బస్సుల?" అంది. ఇట్లనే వచ్చానన్నాను. ఆ రోజు దుకాణంలో గిరాకీ ఉంటే, ఎవరూ పిలవకపోయినా పోయి అమ్మ పక్కన కూర్చున్నాను. అమ్మ గాజుల పెట్టె నా వైపు తోసింది.

చిన్నమ్మ ఆ తర్వాత కొన్నేళ్లే ఉంది. చివరి రోజుల్లో చెయ్యి ఎత్తడం కూడా కష్టమయ్యేది. నేనే ఆమె అరచేయి తీసి నా చెంప మీద పెట్టుకునేదాన్ని. ఒక చలికాలం పొద్దున, నేను చాయ్ పట్టుకుని వచ్చేసరికి పోయింది.

ఆ పార్లర్ గదిలో ఇప్పుడు జిరాక్స్ సెంటర్ ఉంది. నాకు పెళ్లయింది. ఆయన నన్ను మొదటిసారి చూసింది ఈ ముఖంతోనే, నా మచ్చల గురించి ఆయనకు పట్టింపు లేదు. మంచి మనిషి. కానీ ఏ మనిషికి మాత్రం రోజూ పొద్దున అరగంట కూర్చుని నా ముఖం చూసే తీరిక ఉంటుంది? అది అడగకూడదని నాకు తెలుసు. మచ్చలు ఇప్పుడు మెడ దాకా వచ్చాయి. వాటి గురించి నాకు దిగులు లేదు. దిగులంతా వేరే. పొద్దున లేచి ముఖం కడుక్కుని తుడుచుకున్నాక ఒక క్షణం ఏదో మిగిలిపోయినట్టు నిలబడిపోతాను. నా కనుబొమ్మల్లో ఏది ఎవరిదో చెప్పిన మనిషి లేదు. ఈ ముఖాన్ని అంత దగ్గర నుంచి, అంత ఓపికగా ఇంకెవరూ చూడరు.

మొన్నామధ్య మా బంధువుల పెండ్లిలో, పెండ్లిపిల్లను తయారు చేయడానికి వచ్చిన అమ్మాయి ఆమె పని అయిపోయాక, "అక్కా, రండి, మీకు కూడా వేస్తా," అని పిలిచింది. నాకు ఏమనిపించిందో, పోయి కూర్చున్నాను. ఆమె నా మచ్చలు చూసింది.

"ఇవి కవర్ చేయాల్నా అక్కా?"

"వద్దమ్మా. మిగతాది నీ ఇష్టం."

చేతి వాటం మంచిగున్న పిల్ల. ఇప్పటి సీసాల్లో అన్ని రంగులూ ఉన్నాయి, నా రంగు కూడా ఉంది, కలపాల్సిన పనే లేదు. ఫోన్‌లో పాట పెట్టుకుని, నా తల మీదుగా తోటి అమ్మాయితో మాట్లాడుతూ, ఎక్కడా తప్పు లేకుండా చకచకా వేసింది. ఆమె చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. నేను కళ్లు మూసుకునే ఉన్నాను.

"అయిపోయింది, చూసుకోండి," అంది. భుజం మీద తట్టే చెయ్యి కోసం ఆగినట్టు నేను కదలలేదు.

"అక్కా, నిద్ర వచ్చిందా?"

"లేదమ్మా," అని కళ్లు తెరిచాను. మంచిగా వేసిందని చెప్పాను. నా వెనక పెండ్లిపిల్ల పెద్దమ్మ నిలబడి ఉంది, ఆమెకు కుర్చీ ఇచ్చి లేచాను.